వాలంటీర్లు నడిపే బొటానికల్ గార్డెన్‌ని ఎలా చూడాలి

మొదటిసారి ఇలాంటి గార్డెన్‌కి వెళ్ళినప్పుడు నలభై నిమిషాల్లో బయటికి వచ్చేశాను. మిట్టమధ్యాహ్నం వెళ్ళాను, ఒక్క పువ్వు కనబడలేదు, ఎటు చూసినా రోడ్డు పక్కన పెరిగే పొదల్లాంటివే, మనిషి అలికిడి లేదు. దీనికోసమా ఇంత దూరం వచ్చింది అనుకున్నాను. కొన్ని నెలల తర్వాత ఒక స్నేహితుడి మొహమాటానికి అదే చోటికి పొద్దున్నే వెళ్తే మూడు గంటలైనా సగం కూడా పూర్తవలేదు. చెట్లు అవే, మారిందల్లా నేను వెళ్ళిన రోజూ వేళా, చూసిన పద్ధతీ. ఆ తేడా ఎక్కడొచ్చిందో రాస్తున్నాను, మీరు ఆ మొదటి విడత వృథా చేసుకోనక్కర్లేదు.

ముందు అది ఎలాంటి చోటో తెలుసుకోండి

పేరులో గార్డెన్ అని ఉంది కదా అని గులాబీలు, ఫౌంటెన్లు, నున్నగా కత్తిరించిన పచ్చిక ఊహించుకుని వెళ్తే నిరాశ తప్పదు. ప్రాంతీయ బొటానికల్ గార్డెన్‌లో ఎక్కువగా ఉండేవి ఆ చుట్టుపక్కల కొండల్లో, వాగుల వెంట, తీరాల్లో వాటంతటవే పెరిగే మొక్కలు. వాటిని ఒకచోట చేర్చి, ఏది ఎక్కడి నుంచి ఎప్పుడు తెచ్చారో రాసి పెట్టుకుంటారు. ఆ రాసి పెట్టుకోవడంలోనే ఉంది పార్కుకీ దీనికీ తేడా అంతా. పార్కులో చెట్టు చచ్చిపోతే ఇంకోటి నాటి ఊరుకుంటారు, ఇక్కడ అది ఎప్పుడు చచ్చిపోయిందో, ఎందుకని అనుకుంటున్నారో కూడా రిజిస్టర్లోకి ఎక్కుతుంది.

ఈ పద్ధతి చాలా పాతది. ఇటలీలోని పాదువాలో 1545లో మొదలైన గార్డెన్ ఇప్పటికీ అదే చోట ఉంది. దాన్ని పెట్టింది వైద్యం చదివే కుర్రాళ్ళ కోసం, అసలు మందు మొక్క ఏదో, అచ్చం దానిలాగే ఉండే వేరే మొక్క ఏదో కళ్ళారా చూసి నేర్చుకోవడానికి. అక్కడ 1585లో నాటిన పామ్ చెట్టొకటి ఇవాళ్టికీ బతికే ఉంది.

ఇక వాలంటీర్లు నడపడం అంటే, రిటైరైన టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు, మొక్కల పిచ్చి పట్టిన కుర్రాళ్ళు కొందరు వారానికి ఒకటి రెండు రోజులు వచ్చి, కలుపు తీసి, పాదులు సరిచేసి, నర్సరీలో నారు మార్చి, బోర్డులు రాసి ఇంటికి వెళ్ళిపోతారు. జీతాలుండవు. అందుకని కౌంటర్లో ఎవరూ లేకపోవచ్చు, క్యాంటీన్ ఉందని చదివి వెళ్తే మూసి ఉండొచ్చు, ఒక దారికి అడ్డంగా పడిన చెట్టు రెండు వారాలుగా అలాగే ఉండొచ్చు. చిరాకు పడకండి, రంపం పట్టగలిగే ఆ ఒక్క మనిషికి మోకాళ్ళ నొప్పులై ఉంటాయి.

ఏ రోజు వెళ్ళాలి

వాలంటీర్లు పనిచేసే రోజు ఏదో కనుక్కుని ఆ రోజే వెళ్ళండి. మిగతావన్నీ మర్చిపోయినా పర్లేదు, ఇదొక్కటి గుర్తుంచుకోండి. అందరూ సెలవు రోజు వెళ్తారు, ఆ రోజు గేటు దగ్గర ఒక్కరు కూర్చుని ఉంటారు, మిగతా ఎకరాలన్నీ మీరూ చెట్లూ. పనిరోజున అయితే అక్కడొకరు ఇక్కడొకరు నడుం వంచి కనబడతారు, ఒక్కొక్కరు ఒక్కో మడికి యజమాని లెక్క, ఆ మడి గురించి వాళ్ళకి తెలిసినంత ఏ పుస్తకంలోనూ దొరకదు. ఫోన్ చేసి అడగండి. ఎత్తకపోతే మెసేజ్ పెట్టి ఒకటి రెండు రోజులు ఆగండి, ఆ ఫోన్ చూసే మనిషి కూడా వాలంటీరే.

వేళ సంగతికొస్తే గేటు తెరిచిన గంటలోపు లోపలుంటే మంచిది. వాళ్ళు పొద్దున్నే మొదలుపెట్టి ఎండెక్కేసరికి ముగించేస్తారు, పైగా ఆ వేళకి పిట్టలు, తేనెటీగలు హడావుడిగా ఉంటాయి, ఫోటోలకి వెలుగు కూడా మెత్తగా ఉంటుంది. గాలివాన తర్వాత, విపరీతమైన ఎండల్లో, మంటల భయం ఉన్న రోజుల్లో ఇలాంటి చోట్లు ఉన్నట్టుండి మూసేస్తారు, కాబట్టి బయల్దేరే ముందు మళ్ళీ ఒకసారి చూసుకోండి.

మూసే వేళ గురించి నేను పడ్డ పాటు చెబుతాను. నాలుగింటికి మూస్తారని ఉంటే, నాలుగింటికి నడక ముగిస్తే సరిపోతుందనుకున్నాను. నాలుగూ పదికి వచ్చేసరికి కార్లు పెట్టే చోటి గేటుకి తాళం, లోపల నా కారొక్కటే. బోర్డు మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే ఒక పెద్దాయన సగం దారిలోంచి వెనక్కి తిరిగొచ్చి తాళం తీశాడు. ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధగా అనిపించింది. మూసే వేళ అంటే మీ బండి గేటు దాటాల్సిన వేళ అని లెక్కేసుకోండి.

ఏం తీసుకెళ్ళాలి

నీళ్ళు, టోపీ, దోమల క్రీమ్, నిండా చార్జింగ్ ఉన్న ఫోను. చాలాచోట్ల లోపల సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపుని ముందే ఫోటోగా దాచుకోండి. విరాళం పెట్టెలో వేయడానికి కొంచెం చిల్లర కూడా ఉంచుకోండి, అన్ని పెట్టెలూ కార్డు తీసుకోవు. చిన్న నోట్‌బుక్. ఇవన్నీ మీకు తోచేవే.

తోచనిది ఒకటుంది, చెప్పుల అడుగున మట్టి. ఇంటి దగ్గరే బూట్ల అడుగు గాడుల్లోంచి మట్టి గీకి, కడిగి, ఆరబెట్టుకుని వెళ్ళండి. కొన్ని గార్డెన్లలో గేటు దగ్గర బ్రష్షూ మందునీళ్ళ తొట్టీ పెట్టి ఉంటాయి, దాన్ని తప్పించుకుని పక్కనుంచి దాటేసేవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. ఫైటోఫ్తోరా సిన్నమోమి అని నేలలో బతికే బూజులాంటి జీవి ఉంది, 1922లో ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో దాల్చిన చెట్ల మీద మొదట వర్ణించారు కాబట్టి ఆ పేరు. తడి మట్టిలో ఈదుకుంటూ పోయి వేళ్ళని కుళ్ళబెడుతుంది, కింద నీళ్ళున్నా చెట్టు దప్పికతో మాడినట్టు ఎండిపోతుంది. ఒకసారి నేలలోకి దిగిందంటే దాన్ని వదిలించుకోవడం దాదాపు కుదరని పని. ఆస్ట్రేలియాలో 1994లో బయటపడ్డ వొలెమై పైన్ అనే అరుదైన చెట్టు సంగతే చూడండి. అడవిలో ఎదిగిన చెట్లు వంద కూడా లేవు, అవి ఉన్న లోయ ఎక్కడో బయటికి చెప్పరు, అంత కట్టుదిట్టం చేసినా ఈ తెగులు అక్కడికీ చేరింది. మనుషుల చెప్పుల వెంటే వెళ్ళిందని అనుమానం.

వీలుంటే ఇంకొకటి, పది రెట్లు పెద్దది చేసి చూపించే మడత భూతద్దం. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

లోపలికి వెళ్ళగానే

మ్యాపు తీసుకుని నేరుగా నడక మొదలుపెట్టకండి. గేటు దగ్గరున్న మనిషిని "ఈ వారం ఏం పూసింది?" అని అడగండి. "ఇక్కడ చూడాల్సినవేంటి" అని అడిగితే అందరికీ చెప్పే జవాబే చెబుతారు, పూసిందేంటని అడిగితే మాత్రం మొహం మారిపోతుంది, మ్యాపు లాక్కుని పెన్నుతో సున్నాలు చుట్టేస్తారు. నాకు ఒకసారి ఆరు సున్నాలు చుట్టిచ్చారు, అందులో ఒకటి గడ్డి పువ్వు. గడ్డి పువ్వు కోసం కిలోమీటరు నడిచాను, భూతద్దంలో చూశాక ఇంకో కిలోమీటరైనా నడిచేవాణ్ణి.

అన్ని దారులూ తిరగాలని పెట్టుకోవద్దు. ఒకటో రెండో ఎంచుకోండి. నలభై మొక్కల ముందు నుంచి నడిచి వెళ్ళడం కన్నా ఎనిమిది మొక్కల దగ్గర ఆగడం మేలు, ఇంటికొచ్చాక ఆ ఎనిమిదే మిగులుతాయి.

బోర్డు చదవడం

దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే చాలామంది పైనున్న మామూలు పేరు చదివేసి వెళ్ళిపోతారు, అసలు సరుకంతా కింద ఉంటుంది.

మామూలు పేరు కింద రెండు లాటిన్ మాటలు వాలుగా రాసి ఉంటాయి. మొక్కలన్నిటికీ ఈ రెండు మాటల పద్ధతిని 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ స్థిరపరిచాడు. మన పేర్లలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఇంటిపేరు ఒకటే అయితే దగ్గర చుట్టాలన్నమాట, కాబట్టి పక్కపక్క బోర్డుల్లో మొదటి మాట ఒకటే ఉంటే ఆగి, ఆ రెండిట్లో ఏం కలుస్తోందో వెతకండి, మంచి ఆట అది. చివర్లో ఎల్ అనే అక్షరం ఒంటరిగా, పక్కన చుక్కతో కనబడితే ఆ పేరు పెట్టింది లిన్నేయస్సే. రెండో మాటకి చాలాసార్లు అర్థం ఉంటుంది. ఆల్బా అంటే తెల్లనిది, ఒడొరాటా అంటే వాసన గలది, రెపెన్స్ అంటే పాకేది, అఫిసినాలిస్ అని ఉంటే ఒకప్పుడు మందుగా వాడారని. అలాగని ఊరి పేర్లు, దేశం పేర్లు ఉంటే గుడ్డిగా నమ్మొద్దు. చింతచెట్టు పేరు టామరిండస్ ఇండికా, అది పుట్టింది ఆఫ్రికాలో.

పేరు చివర ఒంటి కోట్స్‌లో ఇంకో మాట ఉంటే అది మనుషులు ఎంచి పెంచిన రకం, మధ్యలో ఇంటూ గుర్తు ఉంటే రెండు జాతుల సంకరం.

ఇక మూలన చిన్న అంకెలు. నాకు బొటానికల్ గార్డెన్ మీద ఇష్టం మొదలైందే వీటితో. 2009-0143 అని ఉందనుకోండి, చాలాచోట్ల దాని అర్థం 2009లో ఆ గార్డెన్ రిజిస్టర్లోకి చేరిన 143వ నమోదు అని. అంటే ఆ మొక్కకి ఒక ఫైలుంది, ఎవరు తెచ్చారు, విత్తనమా కొమ్మా, ఏ వాగు ఒడ్డున దొరికింది అన్నీ అందులో ఉంటాయి. కొన్ని గార్డెన్లు మూలాన్ని ఒక్క అక్షరంతో కూడా రాసుకుంటాయి: డబ్ల్యూ అంటే నేరుగా అడవి నుంచి వచ్చింది, జెడ్ అంటే అడవి నుంచి తెచ్చినదానికి తోటలో పుట్టిన పిల్ల, జి అంటే తోట మొక్క, యు అంటే మూలం తెలీదు. మీకు నచ్చిన మొక్క నంబరు ఫోటో తీసుకుని ఆఫీసు గదిలో అడిగి చూడండి, ఖాళీగా ఉంటే రిజిస్టరు తెరిచి చూపిస్తారు.

ఈ లెక్కలన్నీ ఎందుకంటారా? ఫ్రాంక్లీనియా అనే చెట్టుని 1765లో అమెరికాలోని జార్జియాలో జాన్ బార్ట్రమ్, ఆయన కొడుకు విలియం ఒక నది ఒడ్డున చూశారు. తర్వాత విలియం విత్తనాలు సేకరించాడు, తోటలో పెంచారు. 1803 తర్వాత అది అడవిలో ఎవరికీ కనబడలేదు. ఇవాళ తోటల్లో ఉన్న ఫ్రాంక్లీనియాలన్నీ ఆ తండ్రీకొడుకుల తోట నుంచి వచ్చినవే. అడవిలో పోయి తోటలోనే మిగిలిన మొక్క ఎక్కడిదో తెలియాలంటే ఇలాంటి రాతలే ఆధారం.

దగ్గరగా చూడటం

భూతద్దాన్ని అందరూ ఆకు మీద పెట్టి, తల దూరంగా పెట్టి చూస్తారు, సినిమాల్లో డిటెక్టివ్‌లాగా. అలా ఏమీ కనబడదు. అద్దాన్ని కంటికి దాదాపు ఆనించి పట్టుకోండి, కళ్ళజోడుంటే జోడుకి ఆనించండి, రెండో చేత్తో ఆకునే మెల్లగా అద్దం వైపు తెచ్చుకోండి. సుమారు ఒక అంగుళం దూరంలో ఉన్నట్టుండి స్పష్టమవుతుంది. రెండు చేతులూ ఒకదానికొకటి తగిలేలా పెడితే వణుకు ఉండదు. ఆకు మాత్రం కోయకండి, నేల మీద రాలింది తీసి చూసి అక్కడే పెట్టేయండి.

దేన్ని చూడాలో తెలియకపోతే రూటేసీ అనే మాట ఉన్న బోర్డు వెతకండి. నిమ్మ, కరివేపాకు, మారేడు ఇవన్నీ ఆ కుటుంబమే. రాలిన ఆకుని ఆకాశానికి అడ్డంగా ఎత్తి చూస్తే సూదితో గుచ్చినట్టు సన్నటి వెలుగు చుక్కలు కనబడతాయి. అవి నూనె తిత్తులు, ఆకు నలిపితే వచ్చే వాసనంతా వాటిలోదే. ఒకసారి అవి పట్టుకున్నారంటే ఏ బోర్డూ లేనిచోట కూడా ఈ కుటుంబాన్ని గుర్తుపట్టడం తేలికవుతుంది. అలాగే ఆకులు కొమ్మ మీద ఎదురెదురుగా జంటలుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా చూడండి. మెత్తటి కాండం వేళ్ళకి నాలుగు పలకలుగా తగిలి, ఆకులు జంటలుగా ఉండి, వాసన కూడా ఉందంటే తులసి కుటుంబం కావచ్చు.

అయితే ముట్టుకునే ముందు అడగడం అలవాటు చేసుకోండి. గన్నేరులో ప్రతి భాగమూ విషమే, పాలు కారేవి కొన్ని చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి, కొన్నిటి నూగు తగిలితే రోజుల తరబడి మంట పోదు. పిల్లలు వెంట ఉంటే వాళ్ళకి "ముట్టుకోవద్దు" అని వందసార్లు చెప్పే బదులు చెరొక పని అప్పజెప్పండి: ఒకరు రంపపు అంచున్న ఆకులు లెక్కపెట్టాలి, ఒకరు రాలిన కాయలు ఎన్ని రకాలో చూడాలి. గంటసేపు మీ జోలికి రారు.

జేబులో ఏమీ వేసుకోవద్దు

రాలిందే కదా, ఒక్క గింజే కదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. దారి మీద గోధుమరంగులో రెక్కలున్న గింజ ఒకటి పడి ఉంటే జేబులో వేసుకున్నాను. పక్క మడిలో పిలక గడ్డి పీకుతున్న ఒక పెద్దావిడ చూసింది. తిట్టలేదు, లేచి, చేతులకున్న మట్టి దులుపుకుని, ఆ చెట్టుని విత్తనం నుంచి తనే పెంచానని, పదకొండేళ్ళకి ఈ ఏడే మొదటి కాపు అని, గింజలు రాలుతాయని మూడు వారాలుగా కింద వల కట్టి చూస్తున్నామని చెప్పింది. వల దాటి గాలికి ఎగిరొచ్చిన గింజ అది. తిరిగి ఇచ్చేశాను, ఆవిడ దాన్ని చిన్న కాగితం కవర్లో వేసి తేదీ రాసింది. గింజ తీసినా, పువ్వు కోసినా, బోర్డు పక్కకి జరిపినా ఎవరో ఒకరి ఏళ్ళ లెక్క తప్పుతుంది.

వాళ్ళతో మాట్లాడటం

మొహమాటపడకండి, మాట్లాడటం వాళ్ళకి ఇష్టమే. పని ఆపించకుండా మాట్లాడాలి, అంతే. పక్కన నిలబడి, లేదా కుదిరితే కూర్చుని, చేస్తున్న పని గురించే అడగండి. "ఇదేం చెట్టు" కన్నా "దీన్ని మొలిపించడం కష్టమా?" అన్న ప్రశ్నకి చాలా వస్తుంది. కొన్ని గింజలకి వేణ్ణీళ్ళు కావాలి, కొన్నిటికి గరుకు కాగితంతో పైపొర గీకాలి, కొన్నిటికి పొగ తగలాలి, అగ్గి తర్వాతే మొలవడం వాటి అలవాటు. ఇవన్నీ వాళ్ళు ఓడిపోయి ఓడిపోయి నేర్చుకున్నవి, అందుకే చెప్పేటప్పుడు అంత ఉషారు.

నర్సరీలోకి రానిస్తే తప్పకుండా వెళ్ళండి. ఒకాయన ట్రేలోంచి మొలకల్ని విడి కవర్లలోకి మారుస్తుంటే చూశాను. పెన్సిల్‌తో మట్టి కింద నుంచి లేపి, మొలకని ఆకు కొసతో పట్టుకున్నాడు, కాడని అసలు ముట్టుకోలేదు. ఎందుకని అడిగితే, ఆకు నలిగితే ఇంకో ఆకు వేస్తుంది, కాడ నలిగితే మొక్కే పోతుంది అన్నాడు. అప్పటిదాకా ఇంట్లో నేను చంపిన నారంతా కళ్ళ ముందు తిరిగింది.

మీకు తెలిసిన విషయమైనా వాళ్ళు చెబుతుంటే పూర్తిగా విని, తర్వాత మీది చెప్పండి. యాప్‌లో వేరే పేరు చూపిస్తోందని ఫోన్ మొహం మీద పెట్టొద్దు, ముందు రిజిస్టర్ ఏం చెబుతోందో అడగండి. చూసిన మొక్కలు, జంతువుల ఫోటోలు అందరూ నమోదు చేసే ఐనాచురలిస్ట్ సైట్‌లో ఫోటో పెడితే అది నాటిన మొక్క అని గుర్తు పెట్టడం మర్చిపోకండి, లేకపోతే అడవిలో దొరికినట్టు లెక్కలోకి పోతుంది.

ఫోటోలు, కొనుక్కోవడం

ప్రతి మొక్కకీ ముందు బోర్డు ఫోటో, తర్వాత మొక్క, తర్వాత ఆకు, పువ్వు. ఈ వరస తప్పితే ఇంటికొచ్చాక రెండొందల పచ్చటి ఫోటోలు మిగులుతాయి, ఏది ఏదో దేవుడికే ఎరుక. మంచి కోణం కోసం మడిలోకి అడుగు పెట్టొద్దు, ఇప్పుడే మొలిచినవి మీ కాలి కిందే ఉంటాయి.

చాలాచోట్ల వాలంటీర్లు పెంచిన మొక్కలు అమ్ముతారు, గార్డెన్‌కి వచ్చే డబ్బులో అది ముఖ్యమైన భాగం. కొనేముందు పదేళ్ళకి ఎంత ఎత్తు అవుతుంది, మీ ఇంటి దగ్గర నేలకి సరిపోతుందా, అక్కడ కలుపులా పాకిపోయే ప్రమాదం ఉందా అని అడగండి. సరిహద్దులు దాటి తీసుకెళ్ళాలంటే మొక్కల క్వారంటైన్ నియమాలు ముందే చూసుకోండి.

వెళ్ళొచ్చేముందు

పెట్టెలో మీకు తోచింది వేయండి. బూట్లకి మళ్ళీ బ్రష్ కొట్టండి, ఇక్కడి మట్టి ఇంకోచోటికి పోకూడదు.

గేటు దగ్గర సందర్శకుల పుస్తకం ఉంటుంది. అందులో "చాలా బాగుంది", "ప్రశాంతంగా ఉంది" అని వరసగా ఉంటాయి. మీరు తేదీ వేసి, చూసింది రాయండి. ఏది పూసింది, దేని మీద ఏ పురుగు వాలింది, ఏ బోర్డు విరిగింది, ఏ చెట్టు ఆకు పసుపెక్కింది. మనుషులు తక్కువున్న చోట మీ కళ్ళు కూడా పనికొస్తాయి. పోయినసారి నేను "వాగు దారి, రెండో వంతెన దాటాక ఎడమ పక్క, తెల్ల పూలు విప్పాయి, తేనెటీగలు చాలా ఉన్నాయి, బోర్డు వెనక్కి పడిపోయింది" అని రాశాను. ఈసారి వెళ్తే బోర్డు నిలబడి ఉంది, పుస్తకంలో నా వాక్యం పక్కన ఎవరో పెన్సిల్‌తో టిక్కు పెట్టారు.